ఫజ్లుర్ రహమాన్ ఖాన్ : గాలికి బెదరని మేడల నిర్మాత

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని మన పెద్దల సామెత. ఒక మిద్దెయిల్లు కట్టుటయే అంత కష్టమైనచో, నూరంతస్తుల యిల్లు కట్టుట యెంతటి పనియో ఊహింపవచ్చును. అట్టి యిల్లు కట్టి, అది నిలుచునా లేదా అను ప్రశ్నతో తృప్తి చెందక, గాలివాన రాత్రి అందలి తొంబదియవ అంతస్తులో పరుండిన మనుష్యునికి నిద్ర పట్టునా లేదా అని కూడ విచారించిన ఇంజనీరొకడు కలడు. ఆయన పేరు ఫజ్లుర్ రహమాన్ ఖాన్. ఆయన మన ఉపఖండమున జన్మించినవాడు. నదులు, తుపానులు, వెదురుపొదలు గల తూర్పు బెంగాలులో పెరిగినవాడు. ఆయన దివంగతుడై నలుబది సంవత్సరములు దాటినది. అయినను నేడు ప్రపంచమున లేచుచున్న ఎత్తైన మేడలలో అనేకములందు ఆయన ఆలోచన ఏదో యొక రూపమున కనిపించుచునే యున్నది.

1929వ సంవత్సరము ఏప్రిల్ 3వ తేదీన ఖాన్ ఢాకా నగరమున జన్మించెను. నాటికి బెంగాలు విభజింపబడలేదు. తండ్రి అబ్దుర్ రహమాన్ ఖాన్ గణితమునందు ప్రవీణుడు. విద్యార్థులకు గణిత గ్రంథములు రచించినవాడు. విద్యాశాఖలో ఉన్నత పదవి వహించినవాడు. అట్టి యింట పుట్టిన బాలునకు అంకెలయందు భయము లేకపోవుట సహజము. ఢాకాలోని ఆర్మానీటోలా ప్రభుత్వోన్నత పాఠశాలలో చదువు ముగించి, ఆయన కలకత్తా సమీపమున శిబ్‌పూర్‌లో నున్న బెంగాల్ ఇంజనీరింగ్ కళాశాలలో చేరి సివిల్ ఇంజనీరింగు అభ్యసించెను. ఆ కళాశాల నేడు జాతీయ ప్రాముఖ్యము గల కేంద్ర విద్యాసంస్థగా మన దేశమున విలసిల్లుచున్నది.

ఆయన విద్యార్థిగా నున్న కాలమే దేశము రెండుగా చీలిన కాలము. 1947లో విభజన జరిగెను. కలకత్తా ఒక దేశమునను, ఢాకా మరియొక దేశమునను చేరెను. 1950లో ఆయన తుది పరీక్షల సమయమునకు మతకల్లోలములు చెలరేగెను. ప్రాణభయముచేత ఎందరో అటునుండి ఇటు, ఇటునుండి అటు పరుగెత్తుచున్న దినములవి. ఖాన్ కూడ కలకత్తా విడిచి ఢాకాకు పోవలసివచ్చెను. మిగిలిన పరీక్ష అచ్చటి అహసనుల్లా ఇంజనీరింగ్ కళాశాలలో పూర్తిచేసి, ప్రథమశ్రేణిలో ప్రథముడుగా ఉత్తీర్ణుడయ్యెను. పాదముల క్రింది నేల కదలినను చేయుచున్న పని వదలని స్థైర్యము ఆయనకు ఇరువదియొకటవ యేటనే అలవడినది.

కొంతకాలము ఢాకాలో బోధకుడుగా పనిచేసి, 1952లో ఫుల్‌బ్రైట్ విద్యార్థివేతనముపై ఖాన్ అమెరికాకు వెళ్ళెను. ఇలినాయ్ విశ్వవిద్యాలయమున ఆయన చూపిన ప్రతిభ అసాధారణము. మూడు సంవత్సరములలో రెండు మాస్టరు పట్టములు, ఒక డాక్టరేటు సంపాదించెను. 1955లో చికాగో నగరమున స్కిడ్మోర్, ఓవింగ్స్ అండ్ మెరిల్ అను ప్రసిద్ధ వాస్తు నిర్మాణ సంస్థలో చేరెను. కాని స్వదేశమునకు పనిచేయవలెనను కోరిక ఆయనను మరల వెనుకకు పిలిచెను. తిరిగివచ్చి కరాచీ అభివృద్ధి సంస్థలో ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగా చేరెను. ఆ ఉద్యోగమున పరిపాలన వ్యవహారములే ఎక్కువ. గీతలు గీసి, లెక్కలు కట్టి, క్రొత్త నిర్మాణములు కనుగొనవలెనని తపించు మనస్సునకు అది చాలలేదు. 1960లో ఆయన తిరిగి చికాగోకు పోయి తన పూర్వసంస్థలోనే చేరెను. తన దేశమునకు ఉపయోగపడలేకపోతినను వెలితి ఆయనను విడువలేదని ఆయన తరువాతి జీవితము చెప్పుచున్నది.

చికాగోలో ఆయనకు బ్రూస్ గ్రాహమ్ అను వాస్తుశిల్పి తోడు దొరకెను. గ్రాహమ్ ఆకారమును ఊహించును. ఖాన్ ఆ ఆకారము గాలికి నిలుచు మార్గము చూపును. పెక్కుమారులు ఆ మార్గమే ఆకారమును నిర్ణయించుచుండెను. వారిరువురి స్నేహమునుండి ఆధునిక నగరముల రూపమును మార్చిన మేడలు జనించినవి.

ఆ మార్గ మేమో తెలిసికొనుటకు ముందు గాలి చేయు పనిని కొంచెము తెలిసికొనవలెను. భవనముపై పడు బలములు ముఖ్యముగా రెండు. ఒకటి పైనుండి క్రిందికి దిగు బరువు: గోడలు, సామగ్రి, మనుష్యులు. అంతస్తులు పెరిగినకొలది ఇది వరుసగా పెరుగును. రెండవది ప్రక్కనుండి తాకు గాలి. దీని పద్ధతి వేరు. భవనము ఎత్తు రెండింతలైనచో, దానిని మొదటియొద్ద వంచు గాలి ప్రభావము నాలుగింతలకు మించును. ఏలయన, పైకి పోయినకొలది గాలి వేగము కూడ హెచ్చును. కావున పాతపద్ధతి ప్రకారము లోపల స్తంభములు, దూలములు కూర్చి ఎత్తైన మేడ కట్టినయెడల, ఒక హద్దు దాటిన పిమ్మట బరువు మోయుటకంటె గాలిని ఆపుటకే ఎక్కువ ఉక్కు ఖర్చగును. ఎత్తునకు చెల్లింపవలసిన ఈ అదనపు మూల్యమును తగ్గించుట యెట్లు అనునదే ఖాన్ చేపట్టిన ప్రశ్న.

వెదురుబొంగును చూడుడు. లోపల బోలు, బలమంతయు చుట్టునున్న పెంకులోనే యున్నది. గాలికి వంగునే కాని విరుగదు. ఖాన్ సూచించిన పద్ధతి ఇట్టిదే. స్తంభములను భవనము మధ్యలో చెదరగొట్టక, వెలుపలి అంచున దగ్గరదగ్గరగా నిలిపి, వానిని లోతైన దూలములతో బిగించినచో, మేడ మొత్తము నేలలో పాతిన ఒక పెద్ద గొట్టమువలె గాలిని ఎదిరించును. 1960వ దశాబ్దమున చికాగోలో లేచిన 43 అంతస్తుల డెవిట్-చెస్ట్‌నట్ నివాసభవనము ఈ గొట్టపు నిర్మాణమునకు తొలి యుదాహరణము. పిదప కాంక్రీటునకు ఒక విధము, ఉక్కునకు ఒక విధము, నలుబది అంతస్తులకు ఒకటి, నూరంతస్తులకు వేరొకటి అని ఏ ఎత్తునకు ఏ నిర్మాణము తగునో ఆయన క్రమముగా నిరూపించెను. నేటికిని ఇంజనీరింగు విద్యార్థులు ఆ క్రమమును పఠించుచున్నారు.

ఇంతవరకు చెప్పినది మేడ నిలుచుటను గూర్చినది. కాని నిలుచుట వేరు, సుఖముగా నుండుట వేరు. గాలికి ఏ మేడయు కదలక నిలువదు. బలమైన మేడ కూడ ఊగును. ఊగుట దాని దోషము కాదు. గాలి ఎదురుగా నెట్టుటయే కాక మరియొక చిత్రమైన పని కూడ చేయును. ఏటిలో నాటిన గుంజకు ఇరుప్రక్కల సుడులు ఒకదాని తరువాత నొకటి పుట్టి కొట్టుకొనిపోవుట మనము చూచియుందుము. గాలిలో నిలిచిన మేడకును అట్లే ఎడమ కుడి వైపుల సుడులు మార్చిమార్చి పుట్టును. ఒక్కొక్క సుడి విడిపోవునప్పుడు మేడను తనవైపు కొంచెము లాగును. అందుచేత గాలి వీచు దిక్కున కంటె దానికి అడ్డముగా మేడ ఎక్కువ ఊగుట కూడ కద్దు. సుడులు పుట్టు లయయు, మేడ సహజముగా ఊగు లయయు ఏకమైనచో, ఉయ్యాలను సమయమునకు తాకుచుండు చేయివలె గాలి ఆ ఊపును పెంచుచునే యుండును.

మనుష్యుని శరీరము ఎంత దూరము కదలినదను దానిని అంతగా గుర్తింపదు. వేగము ఎంత త్వరగా మారినదను దానిని గుర్తించును. రైలు గంటకు నూరు కిలోమీటర్ల వేగముతో సమముగా పోవుచున్నపుడు మనము హాయిగా నిద్రింతుము. అదే రైలు బ్రేకు పడినచో ఉలికిపడి లేచెదము. వేగములోని ఈ మార్పునకే త్వరణమని పేరు. ఒక మేడ పైభాగము మధ్యస్థానమునుండి ఇరువైపుల ఆరేసి అంగుళములు ఊగుచు, ఒకసారి పోయి వచ్చుటకు ఎనిమిది సెకన్లు తీసికొనుచున్నదనుకొనుడు. లెక్క కట్టినచో, దాని గరిష్ఠ త్వరణము భూమ్యాకర్షణలో నూరవవంతునకు ఇంచుక తక్కువగా నుండును. అదే ఆరంగుళముల ఊపు నాలుగు సెకన్లలోనే ముగిసినచో త్వరణము నాలుగింతలగును. మొదటిదానిని గమనించినవారు కొంత చింతింతురు; రెండవదానిని సహించుట దుస్తరము. నెమ్మదియైన ఊపులయందు భూమ్యాకర్షణలో ఇన్నూరవవంతు వద్దనే కొందరికి కదలిక తెలియనారంభించునని తరువాతి పరిశోధనలవలన తేలినది.

తెలిసిన వెంటనే ప్రమాదమేమియు లేదు. మేడ కూలదు. కాని పై అంతస్తువాని తల తిరుగును. వ్రేలాడు దీపము ఊగును. తొట్టిలోని నీరు అలలు కొట్టును. గోడల అతుకులు కిఱ్ఱుమనును. కిటికీలోనుండి చూచిన దిగంతరేఖ మెల్లగా ప్రక్కకు జరిగినట్లుండును. తెలియని భయము మనస్సున ప్రవేశించును. ఒకసారి భయపడినవాడు మరల ఆ యింట ఉండుటకు ఇష్టపడడు. అట్లయినచో ఇంజనీరు లెక్కలన్నియు సరిగానున్నను మేడ వ్యర్థమేకదా! కార్యాలయమైనచో గాలివాననాడు ఇంటికి పోవచ్చును. నివాసగృహమైనచో ఎక్కడికి పోవలెను? రాత్రియెల్ల అక్కడనే పరుండవలెను.

ఈ ప్రశ్న ఖాన్ ఎదుట నిలిచినది జాన్ హాన్‌కాక్ సెంటరు నిర్మాణ సందర్భమున. 1965లో ఆరంభమై 1969లో ముగిసిన ఈ మేడకు నూరంతస్తులు, 1,127 అడుగుల ఎత్తు. క్రింద అంగళ్ళు, వానిపై కార్లు నిలుపు అంతస్తులు, ఆపైన కార్యాలయములు, 44వ అంతస్తునుండి పైకి వందలాది కుటుంబములకు నివాసములు, శిఖరమువద్ద భోజనశాల. ఒక ఊరినే నిలువుగా పేర్చినట్లుండెను. అంత ఎత్తున అన్ని కుటుంబములు కాపురముండుట నాటికి క్రొత్త. అక్కడ గాలికి మేడ కదలిన మనుష్యు డెంతవరకు సహించునో చెప్పు ప్రమాణ మేదియు గ్రంథములలో లేదు. ఉక్కు ఎంత బరువు మోయునో పట్టికలు కలవు. మనుష్యుని మనస్సు ఎంత ఊపు మోయునో పట్టిక లేదు.

లేనిదానిని ఊహించి వ్రాయుటకు ఖాన్ అంగీకరింపలేదు. చికాగోలోని విజ్ఞాన పరిశ్రమల ప్రదర్శనశాలలో, బట్టలుతుకు యంత్రములు చేయు కంపెనీ ఏర్పరచిన ఒక వినోద ప్రదర్శనము ఉండెను. అందు ప్రేక్షకులు నిలుచు చోటు కదలునట్లు అమర్చియుండిరి. పిల్లలు చూచి సంతోషించు ఆ ఏర్పాటులో ఖాన్‌నకు ప్రయోగశాల కనబడెను. తోటి ఉద్యోగులను వెంటబెట్టుకొని పోయి, వారిని నిలువబెట్టియు, కూర్చుండబెట్టియు, నేలపై పరుండబెట్టియు, ఏ కదలిక వద్ద వారికి తెలియుచున్నది, ఏ కదలిక వద్ద వారికి బాధ కలుగుచున్నది పరిశీలించెను. పెద్ద ఖర్చు లేదు; పెద్ద యంత్రములు లేవు. ప్రశ్న సరిగా వేసికొన్నవానికి జవాబు ఎక్కడనైనను దొరకునని దీనివలన తెలియుచున్నది.

అదే కాలమున ఈ సమస్యను ఇతరులును చేపట్టిరి. న్యూయార్కులో తలపెట్టిన ప్రపంచ వాణిజ్యకేంద్రపు జంట మేడలకొరకు 1965లో ఆరెగాన్ రాష్ట్రములో ఒక పరీక్ష జరిగెను. కంటిపరీక్ష ఉచితముగా చేయుదుమని మనుష్యులను పిలిచి, వారికి తెలియకుండ గదిని మెల్లగా ఊపి, వారెప్పుడు తల తిరుగుచున్నదందురో కనిపెట్టిరి. ఆ యేడే కెనడాలో ఆలన్ డావెన్‌పోర్ట్ అను శాస్త్రజ్ఞుడు, నేలకు దగ్గరి గాలి తీరును అనుకరించు వాయుసొరంగమును పశ్చిమ ఆంటారియో విశ్వవిద్యాలయమున నెలకొల్పెను. చిన్న నమూనా మేడను అందుంచి, పెద్ద మేడ గాలిలో ఎట్లు ఊగునో ముందుగానే చూచుటకు వీలు కలిగెను. మేడల కదలికను మనుష్యుని కొలతతో కొలుచు శాస్త్రము ఇట్లు రూపుదిద్దుకొనెను. దాని తొలి కృషీవలులలో ఖాన్ ఒకడు.

హాన్‌కాక్ మేడకు ఖాన్ చేసిన నిర్మాణము చూచువారికి వెంటనే కనబడును. నాలుగు ముఖములందును పెద్ద పెద్ద ఇంటూ గుర్తులవలె ఏటవాలు ఉక్కుదూలములు, పదునెనిమిదేసి అంతస్తులను దాటుచు, ఒకదానిపై నొకటి పైవరకు సాగును. మేడ పైకి పోయినకొలది సన్నగిలును. సన్నని పైభాగమునకు తగులు గాలియు తక్కువ. సుడులు కూడ అన్ని యెత్తులందు ఒకే లయతో పుట్టవు. ఏటవాలు దూలములవలన మేడ బిగువై, ఊపు తగ్గెను. ఇంత చేసియు ఉక్కు ఖర్చు పెరుగలేదు సరికదా, తగ్గెను. 1931లో ముగిసిన ఎంపైర్ స్టేట్ భవనమునకు చదరపు అడుగుకు సుమారు 42 పౌండ్ల ఉక్కు పట్టగా, హాన్‌కాక్ మేడకు సుమారు 30 పౌండ్లు మాత్రమే పట్టినది. నడుమ 1966లో పునాది స్తంభములలో లోపము బయటపడి పని కొన్ని నెలలు ఆగిపోయెను. పునాదులన్నింటిని పరీక్షించి, లోపమును సరిదిద్దిన పిమ్మటనే మేడ పైకి లేచెను.

తరువాతిది సియర్స్ టవరు. 110 అంతస్తులు, 1,450 అడుగులు. దీనికి ఖాన్ ఒక గొట్టమునకు బదులు తొమ్మిది గొట్టములను కట్టగట్టెను. ఒక్కొక్కటి 75 అడుగుల చదరము. అవి యన్నియు ఒకే ఎత్తున ముగియవు. రెండు 50వ అంతస్తున, రెండు 66వ అంతస్తున, మూడు 90వ అంతస్తున ఆగిపోగా, కడపటి రెండు మాత్రమే శిఖరము చేరును. ఒంటరి పుల్ల విరుగును, మోపు విరుగదు అను మన పల్లెటూరి జ్ఞానమే ఇందు శాస్త్రమైనది. 1974లో పూర్తియైన ఆ మేడ 1998 వరకు ప్రపంచమున కెల్ల ఎత్తైనదిగా నిలిచెను. 2009లో దానికి విల్లిస్ టవరను పేరు వచ్చెను. హాన్‌కాక్ మేడ పేరు కూడ 2018లో మారెను. పేర్లు మారినను రెండు మేడలును మిచిగన్ సరస్సునుండి వచ్చు గాలిని ఎదిరించుచు నేటికిని నిలిచియున్నవి. వానియందు నేటికిని జనులు పనిచేయుచున్నారు, నివసించుచున్నారు.

సియర్స్ మేడ లేచుచున్న సమయముననే ఖాన్ జన్మభూమిపై పెనుగాలులు వీచెను. 1970 నవంబరులో తూర్పు బెంగాలు తీరమును మహాతుపాను ముంచెత్తి లక్షలమందిని బలిగొనెను. కొలది నెలలకే, 1971లో, యుద్ధము వచ్చెను. కోటిమంది వరకు శరణార్థులు మన దేశమున ప్రవేశించిరి. నాటి ప్రభుత్వోద్యోగులలో అనేకులు ఆ శరణార్థుల సేవలో పాల్గొనినవారే. ఖాన్ తన కీర్తి శిఖరమున నుండియు చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. చికాగోలో బంగ్లాదేశ్ అత్యవసర సహాయనిధి నొకదానిని స్థాపించి, స్వదేశీయులను, అమెరికను మిత్రులను కూడగట్టి ధనము ప్రోగుచేసెను. బంగ్లాదేశము పక్షమున ప్రజాభిప్రాయమును సమకూర్చుటకు పాటుపడెను. 1967లోనే ఆయన అమెరికా పౌరుడయ్యెను. కాని తల్లిభాషను, రవీంద్రగీతములను, ఢాకా వీధులను మరువలేదు. స్నేహితులు కూడినపుడు రవీంద్రుని పాటలు పాడుట ఆయనకు ప్రీతి.

యంత్రజ్ఞానములో మునిగిపోయి జీవితమును మరచిన ఇంజనీరు మంచి ఇంజనీరు కాడని ఖాన్ నమ్మకము. సంగీతము, నాటకము, అన్నింటికంటె మించి మనుష్యులు అనునవి లేనిచో కట్టడము లెందుకని ఆయన భావము. హాన్‌కాక్ మేడలో మనుష్యులు ఎట్లుందురో తెలిసికొనుటకు ప్రదర్శనశాలలో తోటివారిని పరుండబెట్టి చూచినవానికి ఈ నమ్మకము పుస్తకమునుండి వచ్చినది కాదు.

ఆయన చివరి గొప్ప నిర్మాణములలో నొకటి చికాగోకు దూరముగా, సౌదీ అరేబియాలోని జెడ్డా నగరమున కలదు. హజ్ యాత్రికుల కొరకు విమానాశ్రయమున ఒక పెద్ద విడిదిని కట్టవలసియుండెను. లక్షలాది యాత్రికులు కొలది దినములలో వచ్చిపోవుదురు, ఎండ దుర్భరము. నాలుగు గోడలు కట్టి అంత స్థలమును యంత్రములతో చల్లబరచుట మహావ్యయము. ఖాన్, ఆయన సంస్థలోని సహచరులు ఉక్కుస్తంభములనుండి బలమైన తీగలతో తెల్లని గుడారములను వ్రేలాడదీసిరి. 210 గుడారములు, ఒక్కొక్కటి 45 మీటర్ల చదరము. గోడలు లేవు. ప్రక్కలనుండి గాలి లోనికి వచ్చును. వేడిగాలి గుడారపు నడినెత్తినున్న రంధ్రమునుండి పైకి పోవును. ఎండవేడిమిలో అధికభాగమును తెల్లని గుడ్డ తిప్పికొట్టును. ఎడారి గుడారమును ఆధునిక శాస్త్రముతో మరల కట్టినట్లున్నది. జీవితమంతయు గాలితో పోరాడిన మనుష్యుడు ఇక్కడ గాలిని అతిథిగా ఆహ్వానించెను. చికాగోలో గాలిని ఆపుట మనుష్యుని సుఖమునకే. జెడ్డాలో గాలిని పిలుచుట మనుష్యుని సుఖమునకే. పద్ధతులు వేరైనను లక్ష్య మొక్కటే. ఆ నిర్మాణమునకు 1983లో ఆగాఖాన్ వాస్తు పురస్కారము లభించెను.

ఆ గౌరవమును చూచుటకు ఖాన్ జీవించియుండలేదు. 1982 మార్చి 27న ఆ జెడ్డా నగరముననే గుండెపోటుచే ఆయన ఆకస్మికముగా మరణించెను. ఏబదిమూడవ జన్మదినమునకు ఇంకను వారమే మిగిలియుండెను. ఆయన దేహమును చికాగోకు తెచ్చి, తాను మేడలు కట్టిన నగరమున, గ్రేస్‌లాండ్ శ్మశానవాటికలో ఖననము చేసిరి. బంగ్లాదేశ ప్రభుత్వము 1999లో ఆయనకు మరణానంతరము స్వాతంత్ర్య పురస్కారము నిచ్చి గౌరవించినది. ఆయన కుమార్తె యాస్మిన్ సబీనా ఖాన్ కూడ నిర్మాణ ఇంజనీరే. తండ్రి కృషిని గూర్చి గ్రంథము వ్రాసి ఆ ఋణము తీర్చుకొనెను.

ఖాన్ పిమ్మట ఈ విద్య చాల ముందుకు పోయినది. 2004లో తైపే నగరమున ముగిసిన మేడలో 660 టన్నుల ఉక్కుగోళమును పైభాగమున వ్రేలాడదీసి, దాని ఊపుతో మేడ ఊపును తగ్గించిరి. 2010లో ప్రారంభమైన దుబాయిలోని 828 మీటర్ల బుర్జ్ ఖలీఫా మేడ ఆకారమును ఎత్తుఎత్తున మార్చి, సుడులకు లయ కుదురకుండ చేసిరి. ఆ మేడను రూపొందించినది ఖాన్ పనిచేసిన సంస్థయే. అనుభవము కూడ ఒక క్రొత్త సంగతి నేర్పినది: కదలిక స్పష్టముగా తెలియకున్నను, దీర్ఘకాలము సాగిన స్వల్పమైన ఊపు మనుష్యునికి మాంద్యమును, నిద్రమత్తును కలిగించి, పనిలో శ్రద్ధ తగ్గించునని ఇటీవలి పరిశోధనలు చెప్పుచున్నవి.

మన దేశమునకును ఈ విషయము దూరమైనది కాదు. చెన్నైలోని కేంద్ర ప్రభుత్వ స్ట్రక్చరల్ ఇంజనీరింగ్ పరిశోధన కేంద్రమున వాయుసొరంగ పరీక్షలు జరుగుచున్నవి. మన గాలి ప్రమాణములలో హైదరాబాదునకు మూలవేగము సెకనుకు 44 మీటర్లు కాగా, తుపానులకు ఎదురొడ్డిన విశాఖపట్టణమునకు 50 మీటర్లు. 2017లో భారత ప్రమాణముల సంస్థ ఎత్తైన కాంక్రీటు మేడలకు వెలువరించిన నియమావళిలో, పదియేండ్లకొకసారి రాదగిన గాలికి నివాసపు అంతస్తుల త్వరణము సెకను వర్గమునకు 0.15 మీటరును మించరాదని విధించిరి. వ్యాపార భవనములకు ఆ హద్దు 0.25 మీటరు. ఇంటికి కఠినముగను, అంగడికి సడలింపుగను నియమ మేర్పడుటకు కారణము మనుష్యుడు ఇంట నిద్రించుటయే. ఆ రెండు అంకెల మధ్య భేదములో, ప్రదర్శనశాల నేలపై తోటివారిని పరుండబెట్టి పరీక్షించిన ఖాన్ ప్రశ్న నేటికిని వినబడుచున్నది.

హైదరాబాదులో నేడు నలుబది, ఏబది అంతస్తుల నివాసములు లేచుచున్నవి. ఢిల్లీ, ముంబయి నగరములలో మనలో పలువురు, వారి పిల్లలు, బహుళాంతస్తుల గృహములలో నివసించుచున్నారు. ఇల్లు కొనునపుడు మనము వైశాల్యము అడుగుదుము, ధర అడుగుదుము, నీటివసతి అడుగుదుము. పై అంతస్తున గాలివాననాడు కదలిక ఎంతవరకుండునని లెక్క కట్టిరా, వాయుసొరంగమున పరీక్షించిరా అని అడుగుట కూడ మన హక్కే. అడిగినవాడు పిరికివాడు కాడు, ఖాన్‌వలె ఆలోచించినవాడు.

మనము కార్యాలయములలో కాగితములతో పనిచేయువారము. నియమము సరిపోయినదా, అంకె సరిపోయినదా అని చూచుట మన ధర్మము. ఖాన్ కూడ అంకె సరిపోయినదా అని చూచెను. అయినను ఆయన అక్కడ ఆగలేదు. అంకె సరిపోయిన పిమ్మట, దాని క్రింద నివసించు మనుష్యుడు సుఖముగా నున్నాడా అని మరియొకసారి చూచెను. విభజననాటి ఢాకా యువకుడు ప్రపంచమున కెల్ల ఎత్తైన మేడను కట్టుట గొప్ప విషయమే. ఆ మేడలో నిద్రించు పరాయివాని సుఖమును తన బాధ్యతగా తలచుట అంతకంటె గొప్పది. మన పిల్లలలో ఇంజనీరులు కాదలచినవారు ఆయన మేడల ఎత్తును మాత్రమే కాక, ఈ రెండవ గుణమును కూడ అలవరచుకొందురు గాక!